పావులూరి మల్లన

పావులూరి మల్లన తెలుగులో మొట్టమొదటి గణిత గ్రంథాన్ని రచించిన కవి మరియు గణితవేత్త. ఇతడు 11వ శతాబ్ది ఉత్తరార్ధము, 12వ శతాబ్ది ఆరంభ కాలములలో జీవించినట్లు ఎక్కువ మంది పండితులు భావిస్తారు. జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణిత సార సంగ్రహము అనే గ్రంథాన్ని ఇతడు తెలుగు పద్యాలలోకి అనువదించాడు. ఈ అనువాదానికి సారసంగ్రహ గణితము అని పేరు. లోకంలో ఇది పావులూరి గణితము అనే పేరుతోనే ప్రసిద్ధి చెందింది. నన్నయ భారతం తరువాత తెలుగులో వెలువడిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. కావ్యభాషగా అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న తెలుగులో శాస్త్ర విషయాన్ని కూడా చెప్పవచ్చునని నిరూపించిన తొలి రచయితగా మల్లనకు సాహిత్య చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది.

కాలము, నేపథ్యము

మల్లన కుటుంబ చరిత్ర తూర్పు చాళుక్య రాజైన రాజరాజ నరేంద్రునితో ముడిపడి ఉంది. రాజరాజ నరేంద్రుడు 1022 నుండి 1061 వరకు రాజమహేంద్రవరం రాజధానిగా వేంగి రాజ్యాన్ని పాలించాడు. ఇతని ఆస్థానంలోనే నన్నయ మహాభారతాంధ్రీకరణకు పూనుకొని ఆది, సభా పర్వాలను, అరణ్య పర్వంలో కొంత భాగాన్ని రచించాడు. రాజరాజ నరేంద్రుని కుమారుడు 1070లో కులోత్తుంగ చోళుడు అనే పేరుతో చోళ సింహాసనాన్ని అధిష్ఠించగా, వేంగి దేశము చోళ సామ్రాజ్యంతో అనుసంధానమైంది.

ఆ కాలంలో తెలుగు దేశము ఒకే పాలన క్రింద ఉండేది కాదు. తూర్పు తీరం వేంగి చాళుక్యుల అధీనంలో, పడమటి ప్రాంతాలు కళ్యాణి చాళుక్యుల అధీనంలో ఉండేవి. ఈ రెండింటి నడుమ నేటి ఖమ్మం ప్రాంతంలో ముదిగొండ చాళుక్యులు అనే చిన్న రాజవంశం ఉండేది. రాజ్యాలు వేరైనా, పొలాలను కొలవడానికి, పన్నులు లెక్కకట్టడానికి, ధాన్యం పంచుకోవడానికి, వడ్డీలు చూడడానికి అన్ని చోట్లా లెక్కల అవసరం ఒకటే. అయితే ఆ లెక్కల సూత్రాలు సంస్కృత గ్రంథాలలో ఉండేవి. సంస్కృతం రానివారికి అవి అందుబాటులో ఉండేవి కావు. మల్లన రచనకు ఉన్న ప్రాధాన్యం ఈ నేపథ్యంలో తెలుస్తుంది.

వంశము, నివాసము

మల్లన ఇంటిపేరు పావులూరి. కమ్మనాడులోని పావులూరు అనే గ్రామం వలన ఈ పేరు వచ్చింది. కమ్మనాడు అనగా నేటి గుంటూరు, ప్రకాశం జిల్లాల తీర ప్రాంతం. పావులూరు గ్రామం ఇంకొల్లు మండలంలో ఉంది. చాలా కాలం ప్రకాశం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో బాపట్ల జిల్లాలో చేరింది.

గ్రంథావతారికలోని పద్యాలలో కవి తన వంశాన్ని, తాను పావులూరికి అధిపతినన్న విషయాన్ని తెలిపాడు. కవి తండ్రి పేరు శివ్వన. తాత పేరు కూడా మల్లనయే. ఈ తాత మల్లన రాజరాజ నరేంద్రుని వలన పీఠాపురం పక్కనున్న నవఖండవాడ అనే గ్రామాన్ని బహుమానంగా పొందాడు. నవఖండ్రవాడ అనే పేరుతో ఈ గ్రామం నేటికీ పిఠాపురం మండలంలో ఉంది. తాతల కాలం నుండి రాజాదరణ గల కుటుంబంలో మల్లన జన్మించాడని దీనిని బట్టి తెలుస్తున్నది. ఇతడు శివభక్తుడు. ఈ భక్తి అతని అనువాదంలోనూ కనిపిస్తుంది.

ఇద్దరు మల్లనలు

తాత, మనుమడు ఇద్దరి పేర్లూ ఒకటే కావడం వలన గణిత గ్రంథాన్ని రచించినవారు ఎవరన్న ప్రశ్న పండితులలో చర్చనీయాంశమైంది. తాత మల్లనయే గ్రంథకర్త అని భావించినవారు అతనిని నన్నయకు సమకాలికునిగా పేర్కొన్నారు. అదే నిజమైతే, తెలుగులో మనకు దక్కిన తొలి కావ్యము, తొలి శాస్త్ర గ్రంథము ఒకే రాజు కాలంలో, ఒకదాని పక్కన ఒకటి వెలువడ్డాయని చెప్పవలసి వస్తుంది.

అయితే నవఖండవాడను పొందిన మల్లన తన తాత అని గ్రంథకర్త చెప్పుకోవడం వలన మనుమడైన మల్లనయే కవి అనే అభిప్రాయం బలపడింది. తాత రాజరాజ నరేంద్రుని కాలంవాడు కనుక, రెండు తరాల వ్యత్యాసాన్ని లెక్కలోకి తీసుకుంటే మనుమని కాలం సుమారు 1100 ప్రాంతం అవుతుంది. ఈ రెండు వాదాలలో దేనిని అంగీకరించినా ఒక విషయం మాత్రం మారదు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతి కంటే ముందే తెలుగువారికి తమ భాషలో ఒక గణిత గ్రంథం ఉండేది.

మూల గ్రంథము

మల్లన అనువాదానికి మూలమైన గణిత సార సంగ్రహాన్ని మహావీరాచార్యుడు 9వ శతాబ్ది మధ్యకాలంలో రచించాడు. ఇతడు రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంవాడు. అంతకు ముందు ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు మొదలైనవారు గణితాన్ని ఖగోళ శాస్త్రంలో ఒక అధ్యాయంగా చెప్పగా, మహావీరుడు ఖగోళంతో సంబంధం లేకుండా గణితానికే ప్రత్యేకంగా ఒక పెద్ద గ్రంథాన్ని రచించాడు. ఇందులో పరికర్మలు, భిన్నాలు, త్రైరాశికము, మిశ్రక వ్యవహారము, క్షేత్ర గణితము, గోతుల ఘనపరిమాణము, నీడల లెక్కలు వంటి అంశాలు ఉన్నాయి. ఎం. రంగాచార్య ఈ గ్రంథాన్ని పరిష్కరించి ఆంగ్లానువాదంతో సహా 1912లో మద్రాసులో ప్రకటించారు.

మహావీరుడు పరికర్మలు ఎనిమిది అని చెప్పాడు. అవి గుణకారము, భాగహారము, వర్గము, వర్గమూలము, ఘనము, ఘనమూలము, సంకలితము, వ్యుత్కలితము. ఈ జాబితాలో మామూలు కూడిక, తీసివేతలు లేవు. వాటి స్థానంలో సంకలితము, వ్యుత్కలితము ఉన్నాయి. ఈ గ్రంథంలో సంకలితమనగా ఒక క్రమంలో పెరిగే సంఖ్యల శ్రేణిని మొత్తంగా కూడుట. వ్యుత్కలితమనగా అటువంటి శ్రేణిలో మొదటి కొన్ని పదాలను తొలగించగా మిగిలిన భాగాన్ని లెక్కించుట. అనగా ఇప్పుడు అంకశ్రేఢి అని పిలిచే విషయము గుణకార భాగహారాల వలె గణితంలో ఒక ప్రాథమిక క్రియగా పరిగణింపబడింది.

అనువాద విధానము

మల్లన మూలాన్ని యథాతథంగా మాటకు మాటగా అనువదించలేదు. కొన్ని చోట్ల సంక్షేపించి, మరికొన్ని చోట్ల విస్తరించి, తన సొంత ఉదాహరణలను చేర్చాడు. మూలంలోని జైన సంప్రదాయానికి చెందిన ప్రస్తావనల స్థానంలో శైవ సంబంధమైన విషయాలను ఉంచాడు. సూత్రం మారకుండా, ఆ సూత్రాన్ని చెప్పే సందర్భాన్ని మాత్రం తన పాఠకులకు పరిచితమైన దానిగా మార్చడం ఇతని పద్ధతి. పావులూరి గణితంపై ఎస్. రాజేశ్వర శర్మ 1987లో ఒక విపులమైన పరిశోధనా వ్యాసం ప్రచురించారు.

మహావీరునికి గుణకారాలలో అందమైన ఫలితాలనిచ్చే సంఖ్యలంటే మక్కువ. ఉదాహరణకు 142857143ను 7తో గుణిస్తే 1000000001 వస్తుంది. 333333666667ను 33తో గుణిస్తే 11000011000011 వస్తుంది. ఎటు నుండి చదివినా ఒకే విధంగా ఉండే ఇటువంటి సంఖ్యలను మహావీరుడు హారాలతో పోల్చాడు. మల్లన కూడా ఈ మార్గాన్ని అనుసరించి ఇటువంటి లెక్కలను మరికొన్నింటిని చేర్చాడు.

పద్యంలో గణితం చెప్పడంలో ఒక చిక్కు ఉంది. తెలుగు పద్యానికి గణాలతో పాటు యతి, ప్రాస నియమాలు ఉంటాయి. సంఖ్యలో ఒక్క అంకె మారినా లెక్క తప్పుతుంది, ఒక్క అక్షరం మారినా ఛందస్సు తప్పుతుంది. ఈ చిక్కును దాటడానికి భూత సంఖ్యా పద్ధతి ఉపయోగపడింది. ఈ పద్ధతిలో లోకంలో ప్రసిద్ధమైన వస్తువుల పేర్లు అంకెలకు బదులుగా వాడబడతాయి. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రునికున్న ఏ పేరైనా 1ని సూచిస్తుంది. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు అయిదు, పర్వతాలు ఏడు, ఆకాశము శూన్యము. ఒకే అంకెకు అనేక పర్యాయపదాలు ఉండడం వలన కవి యతిప్రాసలకు సరిపోయే పదాన్ని ఎన్నుకోగలడు. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి కుడి నుండి ఎడమకు వ్రాసుకోవాలి.

సంకలితము - అంకశ్రేఢి

ప్రతి పదమూ తన ముందున్న పదానికి ఒకే సంఖ్యను కలపగా వచ్చే శ్రేణిని అంకశ్రేఢి అంటారు. ఉదాహరణకు 5, 8, 11, 14 అనే శ్రేణిలో ప్రతిసారీ 3 కలుస్తున్నది. ప్రాచీన గణితంలో వాడిన పరిభాష ఇది:

ఆది - శ్రేణిలోని మొదటి పదము. దీనికి ముఖము అనే పేరు కూడా ఉంది.
చయము లేదా ఉత్తరము - ప్రతి పదానికీ కలిసే సంఖ్య. పాఠ్యపుస్తకాలలో దీనిని పదాంతరము లేదా సామాన్య భేదము అంటారు.
గచ్ఛ లేదా పదము - శ్రేణిలోని పదాల సంఖ్య.
అంత్యధనము - చివరి పదము.
మధ్యధనము - మొదటి పదము, చివరి పదముల సగటు.
సర్వధనము - అన్ని పదాల మొత్తము.

చయము, ఉత్తరము, ధనము వంటి మాటలు వృద్ధి, సొమ్ము అనే అర్థాలను స్ఫురింపజేస్తాయి. రోజుకు కొంత చొప్పున పెంచుతూ ఇచ్చే దానము, రోజురోజుకు వేగం పెంచుతూ నడిచే బాటసారి వంటివి ఈ లెక్కలకు సాధారణ సందర్భాలు. శ్రేఢికి చితి అనే పేరు కూడా ఉండేది. చితి అనగా పేర్చిన కుప్ప. ఇటుకలనో దుంగలనో వరుసల మీద వరుసలుగా పేర్చినప్పుడు ఏర్పడే ఆకారమే ఈ పేరుకు మూలము.

సర్వధనము కనుగొనుట

మహావీరుని గ్రంథంలో చెప్పిన పద్ధతి ప్రకారం గచ్ఛ నుండి ఒకటి తీసివేసి, దానిని సగం చేసి, చయముతో గుణించి, ఆదిని కలిపి, గచ్ఛతో గుణిస్తే సర్వధనము వస్తుంది.

ఉదాహరణకు ఆది 5, చయము 3, గచ్ఛ 10 అనుకొనిన, గచ్ఛ నుండి 1 తీసివేయగా 9. అందులో సగము నాలుగున్నర. చయము 3తో గుణించగా పదమూడున్నర. ఆది 5 కలుపగా పద్దెనిమిదిన్నర. ఇదే మధ్యధనము. దీనిని గచ్ఛ 10తో గుణించగా 185 వస్తుంది. శ్రేణిని పూర్తిగా వ్రాసి, 5, 8, 11, 14, 17, 20, 23, 26, 29, 32 అనే పది సంఖ్యలను కూడినా 185 యే వస్తుంది.

ఈ సూత్రం ఎందుకు సరియైనదో తెలుసుకోవడం సులభం. పై శ్రేణిని ఒకసారి వరుసగా, దాని క్రింద మరొకసారి తలక్రిందులుగా వ్రాయాలి. అప్పుడు 5 క్రింద 32, 8 క్రింద 29, 11 క్రింద 26 వస్తాయి. పై వరుసలో 3 పెరిగినప్పుడల్లా క్రింది వరుసలో 3 తగ్గుతుంది కాబట్టి ప్రతి జంట మొత్తమూ 37 అవుతుంది. అటువంటి జంటలు పది. కనుక రెండు వరుసల మొత్తము 370. అందులో సగము 185. అనగా ఆది, అంత్యధనములను కలిపి సగం చేసి పదాల సంఖ్యతో గుణించుటే సంకలితము. మధ్యధనము అనే మాటలోనే ఈ భావము ఇమిడి ఉంది. పెరుగుతున్న పది వేర్వేరు సంఖ్యలకు బదులు, ఒకే మధ్య సంఖ్యను పదిసార్లు తీసుకున్నట్లు భావించాలి.

దుంగల కుప్ప ఉదాహరణతో దీనిని ఇంకా స్పష్టంగా చూడవచ్చు. ఖమ్మం ప్రాంతంలోని తల్లాడ వంటి చోట వెదురు బొంగులను అడుగు వరుసలో 20, దానిపై 19, ఆపైన 18 చొప్పున పేర్చుకుంటూ వెళ్ళి పై వరుసలో 5 ఉంచారని అనుకొందాము. వరుసలు 16 అవుతాయి. పైనున్న 5, క్రిందనున్న 20 కలిపితే 25. అందులో సగము పన్నెండున్నరను 16తో గుణిస్తే 200. ఒక్కొక్క బొంగునూ లెక్కించకుండానే కుప్పలో 200 బొంగులు ఉన్నాయని చెప్పవచ్చు. ఇదే కుప్పను తలక్రిందులుగా చేసి పక్కన చేర్చినట్లు ఊహిస్తే, ప్రతి వరుసలో 25 బొంగులు ఉండే సమాంతర చతుర్భుజాకారము ఏర్పడుతుంది. శ్రీధరుడు తన పాటీగణితంలో శ్రేఢిని ఒక సమలంబ చతుర్భుజ క్షేత్రంగా చిత్రించి చూపడంలోని ఆలోచన కూడా ఇటువంటిదే.

మిగిలిన సూత్రాలు

సర్వధనము తెలిసినప్పుడు తక్కిన వాటిలో తెలియనిదానిని రాబట్టే పద్ధతులు కూడా మహావీరుని గ్రంథంలో ఉన్నాయి. పై ఉదాహరణనే తీసుకొనిన:

ఆది తెలియనప్పుడు: సర్వధనము 185ను గచ్ఛ 10తో భాగించగా పద్దెనిమిదిన్నర. దీని నుండి, గచ్ఛలో ఒకటి తగ్గించి సగం చేసి చయముతో గుణించగా వచ్చిన పదమూడున్నరను తీసివేయగా ఆది 5 వస్తుంది.

చయము తెలియనప్పుడు: పద్దెనిమిదిన్నర నుండి ఆది 5 తీసివేయగా పదమూడున్నర. దీనిని నాలుగున్నరతో భాగించగా చయము 3 వస్తుంది.

గచ్ఛ తెలియనప్పుడు: ఇది కొంచెం కఠినమైనది. సర్వధనాన్ని 8తోను, చయముతోను గుణించాలి. 185 × 8 × 3 = 4440. ఆదిని రెట్టింపు చేసి చయము తీసివేయగా 10 - 3 = 7. దీని వర్గము 49. రెండింటినీ కలుపగా 4489. దీని వర్గమూలము 67. దీని నుండి 7 తీసివేయగా 60. దానిని చయమునకు రెట్టింపైన 6తో భాగించగా గచ్ఛ 10 వస్తుంది.

ఈ చివరి పద్ధతి నిజానికి ఒక వర్గ సమీకరణాన్ని సాధించుటయే. పదాల సంఖ్య సర్వధన సూత్రంలో రెండుసార్లు వస్తుంది కనుక దానిని రాబట్టడానికి వర్గమూలము తప్పనిసరి. పాఠశాలలో అంకశ్రేఢి, వర్గ సమీకరణాలు వేర్వేరు అధ్యాయాలుగా కనిపించినా, ఈ సూత్రంలో అవి రెండూ కలుస్తాయి. ఆర్యభటుడు 499లో రచించిన ఆర్యభటీయంలోనే ఈ పద్ధతి ఉంది.

వ్యుత్కలితము

శ్రేణిలో మొదటి కొన్ని పదాలను తీసివేయగా మిగిలిన మొత్తాన్ని కనుగొనుట వ్యుత్కలితము. పై శ్రేణిలో మొదటి నాలుగు పదాలను తీసివేశామని అనుకొందాము. తీసివేసిన 5, 8, 11, 14ల మొత్తము 38. కనుక మిగిలినది 185 - 38 = 147. దీనినే మరొక విధంగా కూడా చేయవచ్చు. మిగిలిన భాగము కూడా ఒక అంకశ్రేఢియే. దాని ఆది 5 + 4 × 3 = 17. చయము మారదు. గచ్ఛ 10 - 4 = 6. సూత్రం ప్రకారం 5లో సగము రెండున్నర, 3తో గుణించగా ఏడున్నర, 17 కలుపగా ఇరవైనాలుగున్నర, 6తో గుణించగా 147. రెండు మార్గాలలోనూ ఒకే ఫలితం రావడం లెక్కను సరిచూసుకోవడానికి ఉపయోగపడుతుంది.

చదరంగపు గళ్ళ లెక్క

మల్లన పేరు చెప్పగానే తెలుగు పండితులకు గుర్తుకు వచ్చేది చదరంగపు గళ్ళ పద్యము. చదరంగంలో 64 గళ్ళు ఉంటాయి. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే అన్ని గళ్ళలోని మొత్తము ఎంత అనేది ప్రశ్న. దీనికి సమాధానము 18446744073709551615. ఈ ఇరవై అంకెల సంఖ్యను మల్లన భూత సంఖ్యలతో ఒక చంపకమాల పద్యంలో ఇమిడ్చాడు. 5 అనే అంకెను సూచించడానికి ఒకచోట శర అని, మరొకచోట సాయక అని వాడాడు. రెండింటికీ బాణమనియే అర్థము. చంపకమాలలో మొదటి అక్షరానికి పదకొండవ అక్షరంతో యతి కుదరాలి. పద్యం మొదటి అక్షరమైన శకారానికి సాయక అనే మాటలోని మొదటి అక్షరము యతిగా చక్కగా కుదిరింది. అంకె, అర్థము, ఛందస్సు మూడూ ఒకేసారి నిలిచిన ఈ పద్యము తొమ్మిది వందల ఏళ్ళ తరువాత కూడా ఒక్క అంకె తప్పకుండా సరైన సమాధానాన్నిస్తున్నది.

ఇది అంకశ్రేఢి కాదు, గుణశ్రేఢి. అంకశ్రేఢిలో ప్రతి పదానికీ ఒకే సంఖ్య కలుస్తుంది. గుణశ్రేఢిలో ప్రతి పదమూ ఒకే సంఖ్యతో గుణింపబడుతుంది. ఈ రెండింటి భేదము ఎంతటిదో చదరంగపు బల్ల మీదనే చూడవచ్చు. మొదటి గడిలో ఒకటి ఉంచి, ప్రతి గడికీ ఒక్కొక్కటి మాత్రమే పెంచుతూ పోతే చివరి గడిలో 64 ఉంటాయి. సంకలిత సూత్రం ప్రకారం మొత్తము 2080 మాత్రమే. రెట్టింపు చేస్తూ పోతే అది ఇరవై అంకెల సంఖ్య అవుతుంది.

అంత పెద్ద సంఖ్యను కనుగొనడానికి 64 గుణకారాలు అవసరం లేదు. 64ను వరుసగా సగం చేస్తే 32, 16, 8, 4, 2, 1 వస్తాయి. అనగా ఆరు మెట్లు. కనుక 2ను ఆరుసార్లు వర్గము చేస్తే చాలు. 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616 వరుసగా వస్తాయి. చివరి దాని నుండి 1 తీసివేస్తే మొత్తము వస్తుంది. సరి సంఖ్యను సగం చేయుట, బేసి సంఖ్య నుండి ఒకటి తీసివేయుట అనే ఈ పద్ధతి పింగళుని ఛందశ్శాస్త్రం నుండి భారతీయ గణితంలో ఉంది. మహావీరుడు కూడా గుణశ్రేఢులకు దీనిని చెప్పాడు. మల్లన కంటే కొంచెం ముందువాడైన అల్ బిరూని కూడా ఈ చదరంగపు లెక్కను చేసి ఇదే సంఖ్యను తన గ్రంథంలో ఇచ్చాడు.

ఇతర ప్రాంతాలలో

అంకశ్రేఢుల పరిజ్ఞానము ఒక్క దేశానికి పరిమితమైనది కాదు. ఈజిప్టులో క్రీ.పూ. 16వ శతాబ్దికి చెందిన రిండ్ పపైరస్‌లో రొట్టెలను అయిదుగురికి అంకశ్రేఢి క్రమంలో పంచే లెక్క ఉంది. భారతదేశంలో ఆర్యభటుడు, 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతాన్ని రచించిన బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, మహావీరుడు, భాస్కరాచార్యుడు శ్రేఢులను గురించి చెప్పారు. జర్మన్ గణితవేత్త గౌస్ (1777-1855) బాల్యంలో 1 నుండి 100 వరకు గల సంఖ్యల మొత్తాన్ని క్షణంలో 5050 అని చెప్పాడన్న కథ ప్రసిద్ధమైనది. ఆ కథలో గౌస్ ఉపయోగించినట్లు చెప్పే జంటల పద్ధతికి, ప్రాచీనులు చెప్పిన మధ్యధన పద్ధతికి మూలమైన ఆలోచన ఒకటే.

దేశభాషలలో గణిత రచన విషయంలో మల్లన ముందువరుసలో ఉన్నాడు. కన్నడంలో వ్యవహార గణితాన్ని రచించిన రాజాదిత్యుడు 12వ శతాబ్దివాడు. ఉత్తర భారతదేశంలో అపభ్రంశ భాషలో గణితసారాన్ని రచించిన ఠక్కుర ఫేరు 14వ శతాబ్ది ఆరంభంవాడు.

ప్రాముఖ్యత

మల్లన కొత్త సూత్రాలను కనుగొన్న గణితవేత్త కాడు. ఇతని గొప్పతనము వేరు. తెలుగులో గణిత పరిభాష స్థిరపడని కాలంలో, అనుసరించడానికి ముందు తరాల శాస్త్ర గ్రంథం ఒక్కటీ లేని స్థితిలో, ఒక సంపూర్ణ శాస్త్రాన్ని ఛందోబద్ధంగా, స్పష్టంగా చెప్పగలిగాడు. నన్నయ కథను తెలుగు చేశాడు. మల్లన లెక్కను తెలుగు చేశాడు. కథలో ఒక మాట అటూ ఇటూ అయినా రసము నిలుస్తుంది గాని, లెక్కలో ఆ వెసులుబాటు లేదు.

ఆది, చయము, గచ్ఛ అనే మాటలు క్రమంగా వాడుక నుండి తప్పుకున్నా, శ్రేఢి అనే మాట మాత్రం నిలిచింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివే విద్యార్థులు శ్రేఢులను గురించిన అధ్యాయాన్ని చదువుతారు. సుమారు తొమ్మిది వందల సంవత్సరాల క్రితం పావులూరికి చెందిన ఒక కవి తెలుగులోకి తెచ్చిన సంకలిత గణితమే ఆ అధ్యాయంలోని విషయము.